పది లెక్కపెట్టు బిడ్డా

పెద్దలకు, అమ్మమ్మతో కలిసి డ్యూటీలు చేసిన సిస్టర్లకు, మా వాడకట్టు వాళ్లందరికీ నమస్కారం.

హన్మకొండలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు తక్కువ. అందరికీ సిస్టరమ్మే. ముందు వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో పిల్లల వార్డు, తర్వాత ములుగు వైపు పల్లెల్లో టీకాల పని. ఉద్యోగం సంగతులు నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నేను ఒక్కటే చెప్తాను. సూది వేసేటప్పుడు మా అమ్మమ్మ ఏ పిల్లకూ "నొప్పి ఉండదు" అని చెప్పలేదు.

"నొప్పి పుడ్తది బిడ్డా. పది లెక్కపెట్టు, అయిపోతది" అనేది. చెయ్యి పట్టుకుని తనే ఒకటి, రెండు మొదలుపెట్టేది. ఒక్కసారి అబద్ధం చెబితే ఆ పిల్ల తెల్లచీర కనిపించిన ప్రతిసారీ ఏడుస్తుంది, తల్లి రెండో డోసుకు తీసుకురాదు, అదీ ఆమె భయం. మనవలం ఆరుగురం. మాకు అంకెలు బడికంటే ముందు అక్కడే వచ్చాయి.

టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండాకాలం బస్సులో ఐస్ ప్యాకుల డబ్బాను ఒళ్లోనే పెట్టుకునేది. డ్రైవర్ పక్కన బానెట్ మీద పెట్టమని కండక్టర్ ఎంత చెప్పినా వినేది కాదట, ఆ వేడికి మందు పాడవుతుందని. ఇంటికొచ్చేసరికి ఒడి తడిసి ఉండేదని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

1995లో పల్స్ పోలియో మొదలయ్యాక ఇల్లిల్లూ తిరిగింది. పిల్లల చిటికెన వేలికి పెట్టే సిరా ఆమె వేళ్లకూ అంటేది. ఎంత కడిగినా పోయేది కాదు. ఆ వేళ్లతోనే మాకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. 2014 మార్చి 27న దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రకటించే నాటికి రిటైర్ అయి ఇంట్లోనే ఉంది. టీవీలో వార్త విని ఏమీ మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లింది. పండుగ కాని రోజు మా ఇంట్లో భక్ష్యాలు చేసింది అప్పుడే.

పోయిన నెల ఆస్పత్రిలో ఆమె చేతికి నరం దొరకలేదు. చిన్న వయసు సిస్టర్, పాపం, చెమటలు పట్టి "ఏం నొప్పి ఉండదు అమ్మమ్మా" అంది. అమ్మమ్మ నా వైపు చూసింది. నేను రెండో చెయ్యి పట్టుకుని "నొప్పి పుడ్తది అమ్మమ్మా, పది లెక్కపెట్టు" అన్నాను. ఇద్దరం మొదలుపెట్టాం. ఏడు దగ్గర సూది ఎక్కింది. ఆమె మాత్రం పది దాకా లెక్కపెట్టి, ఆ అమ్మాయి వైపు తిరిగి "మంచిగ ఎక్కించినవ్ బిడ్డా" అంది.