మ్యాచ్‌కి ముందు కబ్స్ అభిమానులు మేక గురించి ఎందుకు మాట్లాడుకుంటారు?

[తెర మీద: షికాగో రెడ్ లైన్ రైలు ఆడిసన్ స్టేషన్‌లో ఆగుతుంది. నీలం జెర్సీల్లో జనం మెట్లు దిగుతున్నారు.]

నమస్తే. మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవైకి మ్యాచ్ అంటే, పన్నెండు కాకముందే షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు స్టేడియం రిగ్లీ ఫీల్డ్ చుట్టుపక్కల సందడి మొదలైపోతుంది. షికాగో శివార్లలో నేపర్‌విల్, ఆరోరా వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఈ స్టేడియానికి మొదటిసారి వెళ్లేది ఆఫీసు వాళ్లతోనే. బేస్‌బాల్ రూల్స్ ఎలాగోలా పట్టేస్తాం, క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి అదేమంత కష్టం కాదు. ఇబ్బందల్లా పక్క సీట్ల వాళ్ల కబుర్లతోనే. ఒకాయన మేక అంటాడు. ఇంకొకావిడ బ్రాక్ పేరెత్తి నిట్టూరుస్తుంది. ఎవరో "ఐదు అవుట్లు" అనగానే ఆ వరసంతా తల పట్టుకుంటుంది. మనం హాట్‌డాగ్ తింటూ నవ్వీ నవ్వనట్టు కూర్చుంటాం.

ఈ వీడియో ఆ కబుర్ల కోసమే. ఆట గురించి తెలియాల్సింది ఒక్కటే: తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకి మూడు అవుట్లు. అంటే అవతలి జట్టుని 27 సార్లు అవుట్ చేయాలి. ఈ లెక్క కొంచెం సేపట్లో పనికొస్తుంది.

[తెర మీద: నలుపు తెలుపు ఫోటో. కింద "1908" అని పెద్ద అక్షరాలు.]

కబ్స్ చాలా పాత జట్టు. 1876లో నేషనల్ లీగ్ పుట్టిన రోజు నుంచీ ఉంది. 1906లో ఏకంగా 116 మ్యాచ్‌లు గెలిచి 36 మాత్రమే ఓడారు. అంత ఆడి, చివరికి వరల్డ్ సిరీస్‌లో, అంటే బేస్‌బాల్ ఫైనల్లో, ఎవరి చేతిలో ఓడారో తెలుసా? అదే ఊళ్లో ఉండే వైట్ సాక్స్ చేతిలో. ఆ కసి తర్వాతి రెండేళ్లు డెట్రాయిట్ మీద తీర్చుకున్నారు. 1907లో ఛాంపియన్లు, 1908లో మళ్లీ ఛాంపియన్లు.

1908 అంటే ఎంత పాతదో ఒక గుర్తు చెబుతాను. మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది ఆ ఏడాది సెప్టెంబర్‌లో. ఆ మరుసటి నెలలో కబ్స్ కప్పు గెలిచారు. మళ్లీ గెలిచింది 2016లో. మధ్యలో 108 ఏళ్లు. తాత చూడలేదు, నాన్న చూడలేదు, కొడుకు చూస్తాడో లేదో తెలియదు. అయినా ఇంటిల్లిపాదీ స్టేడియానికి వెళ్లారు. అంత కాలం గెలవకపోతే మనిషన్నవాడికి ఒక కారణం కావాలి కదా? అక్కడే మేక వస్తుంది.

[తెర మీద: మేక బొమ్మ. మెడలో రెండు టికెట్లు వేలాడుతుంటాయి.]

1945 అక్టోబర్ 6. వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్, మళ్లీ డెట్రాయిట్ మీదే. సిరీస్‌లో కబ్స్ 2-1తో ముందున్నారు. బిల్లీ సియానిస్ అని, గ్రీస్ నుంచి వలసొచ్చి షికాగోలో బార్ నడుపుకునే ఆయన, రెండు టికెట్లు తీసుకొచ్చాడు. ఒకటి తనకి, ఒకటి తన పెంపుడు మేకకి. దాని పేరు మర్ఫీ. మేక వాసన కొడుతోందని దాన్ని ఉండనివ్వలేదు. ఒళ్లు మండిన సియానిస్ "ఇక ఈ కబ్స్ గెలిస్తే ఒట్టు" అన్నట్టుగా ఏదో శాపం పెట్టాడంటారు. ఏ మాటలతో పెట్టాడన్నది చెప్పే మనిషిని బట్టి, ఆ మనిషి తాగిన బీరుని బట్టి మారుతుంది. కబ్స్ ఆ మ్యాచ్ ఓడారు, ఏడు మ్యాచ్‌ల ఆ సిరీసూ ఓడారు. ఆ తర్వాత 71 ఏళ్ల పాటు వరల్డ్ సిరీస్ గడప తొక్కలేదు.

శాపాన్ని నమ్మేవాళ్ల దగ్గర సాక్ష్యాలకి కొదవ లేదు. 2015లో ఫైనల్‌కి ముందు సిరీస్‌లో న్యూయార్క్ మెట్స్ కబ్స్‌ని నాలుగుకి నాలుగూ ఓడించారు. ఆ నాలుగింటిలోనూ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టినవాడి పేరు డేనియల్ మర్ఫీ. మేక పేరే! ఇది విన్నాక నమ్మనివాడు కూడా ఒక్క క్షణం ఆగుతాడు.

కానీ నేను నమ్మను. ఎందుకంటే మేక రాకముందు సంగతి ఎవరూ ఎత్తరు. 1910, 1918, 1929, 1932, 1935, 1938. ఈ ఆరేళ్లలోనూ కబ్స్ వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు, ఆరుసార్లూ ఓడారు. అప్పటికి శాపం ఊసే లేదు. పాపం ఆ మేక మీద నింద వేశారు గానీ, నన్నడిగితే అసలు కథ యజమాని కుర్చీలో ఉంది.

[తెర మీద: ఐవీ తీగ పాకిన ఇటుక గోడ. దాని ముందు బంతి కోసం వెతుకుతున్న ఫీల్డర్.]

ఫిలిప్ రిగ్లీ. చూయింగ్ గమ్ రిగ్లీ కుటుంబమే. 1932 నుంచి 1977లో చనిపోయేదాకా జట్టు ఆయన చేతిలోనే ఉంది. స్టేడియాన్ని చక్కగా చూసుకున్నాడు, అది ఒప్పుకోవాలి. మైదానం చివరి గోడకి ఐవీ తీగ పాకించింది 1937లో, ఆయన హయాంలోనే. ఇప్పటికీ బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుపోతే ఫీల్డర్ రెండు చేతులూ పైకెత్తుతాడు, బ్యాటర్‌కి రెండు బేస్‌లు (రన్ కోసం వరసగా దాటాల్సిన గుర్తులు) ఇస్తారు. చెయ్యి పెట్టి వెతికాడా, అంతే, ఆట నడుస్తున్నట్టే లెక్క. అభిమానులకి భలే ఇష్టమైన రూల్ అది.

జట్టు విషయానికొస్తే మాత్రం వేరే కథ. మేజర్ లీగ్‌లో నల్లజాతి వాళ్లకి దారి తెరిచిన జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్‌ తరఫున 1947లోనే ఆడాడు. కబ్స్ మొదటి నల్లజాతి ఆటగాణ్ని దింపింది 1953 సెప్టెంబర్‌లో. ఆయనే ఎర్నీ బ్యాంక్స్, మిస్టర్ కబ్. 512 హోమ్ రన్‌లు కొట్టి, 2,528 మ్యాచ్‌లు ఆడి, ఒక్కసారి కూడా ప్లేఆఫ్ ఆడకుండానే రిటైరయ్యాడు. 1947 నుంచి 1966 దాకా వరసగా ఇరవై ఏళ్లు ఈ జట్టు పట్టికలో కింది సగంలోనే పడి ఉంది.

1961లో రిగ్లీ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఒక మేనేజర్ ఎందుకు, కొంతమంది కోచ్‌లు వంతులవారీగా జట్టుని నడిపితే పోలా అని. ఒకడు కట్టమన్నది ఇంకొకడు కూల్చమంటే ఆటగాళ్లేం చేస్తారు? 1962లో 103 మ్యాచ్‌లు ఓడారు. ఆ గందరగోళంలో జరిగిన ఒకే ఒక్క మంచి పని బక్ ఓనీల్‌ని కోచ్‌గా తీసుకోవడం. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో మొదటి నల్లజాతి కోచ్ ఆయన. జట్టు పగ్గాలు మాత్రం ఆయనకి ఇవ్వలేదు. ఈ ఓనీలే లూ బ్రాక్ అనే కుర్రాణ్ని వెతికి పట్టుకొచ్చి కబ్స్‌కి సంతకం చేయించాడు.

[తెర మీద: రెండు ఆటగాళ్ల కార్డులు. ఒకటి ఎడమ నుంచి కుడికి, ఇంకొకటి కుడి నుంచి ఎడమకి జరుగుతాయి.]

ఇక్కడ మీ పక్క సీటావిడ ఎందుకు నిట్టూర్చిందో తెలుస్తుంది. 1964 జూన్ 15. కబ్స్ బ్రాక్‌ని సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి ఇచ్చేసి ఎర్నీ బ్రోలియో అనే పిచర్‌ని, అంటే మన బౌలర్ లాంటివాణ్ని, తెచ్చుకున్నారు. ఇద్దరి వెంటా ఇంకొందరు అటూ ఇటూ మారారు, వాళ్ల సంగతి వదిలేయండి. నిజం చెప్పాలంటే, ఆ రోజుకి అది పిచ్చి బేరమేం కాదు. బ్రోలియో అంతకుముందు ఏడాది 18 మ్యాచ్‌లు గెలిపించిన పిచర్. బ్రాక్ కబ్స్ తరఫున బ్యాటింగ్ సగటు (వచ్చిన అవకాశాల్లో హిట్ల వంతు) 0.251 దగ్గర ఈదులాడుతున్నాడు. "మనమే లాభపడ్డాం" అనుకున్నవాళ్లు షికాగోలో బోలెడంత మంది.

తర్వాతేమైంది? బ్రోలియో చెయ్యి పాడైంది. కబ్స్‌కి ఆయన గెలిపించింది 7, ఓడింది 19. బ్రాక్ అక్కడికి వెళ్లగానే మిగిలిన సీజన్‌లో 0.348 కొట్టాడు. కార్డినల్స్ అదే ఏడాది కప్పు గెలిచారు, 1967లో ఇంకోటి. బ్రాక్ మొత్తం 938 బేస్‌లు దొంగిలించి (అంటే హిట్ లేకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరి), మూడు వేలకి పైగా హిట్లు కొట్టి హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. అదీ బద్ధశత్రువుల జట్టు టోపీ పెట్టుకుని. అరవై ఏళ్లయినా కబ్స్ అభిమాని ఈ కథ చెప్పేటప్పుడు బేరం నిన్న సాయంత్రమే కుదిరినట్టు చెబుతాడు. వయసులో పెద్దవాళ్లైతే మేక గురించి నవ్వుతూ మాట్లాడతారు, బ్రాక్ దగ్గరికొచ్చేసరికి నవ్వు పోతుంది. తేడా గమనించండి. మేకకైతే ఎవరూ బాధ్యులు కారు. బ్రాక్‌ని ఇచ్చేసినవాళ్లకి పేర్లున్నాయి, జీతాలున్నాయి.

[తెర మీద: "1969", "1984". రెండు సెకన్ల చొప్పున.]

ఈ రెండూ గబగబా చెప్పేస్తాను. 1969లో సీజన్ చాలా భాగం ముందుండి, సెప్టెంబర్‌లో మెట్స్‌కి దారి వదిలేశారు. న్యూయార్క్ మ్యాచ్‌లో కబ్స్ డగౌట్ ముందు నుంచి ఒక నల్ల పిల్లి నడిచి వెళ్లింది, ఫోటో కూడా ఉంది. ఇక జనం ఆగుతారా? 1984లో శాన్ డియేగో మీద ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో 2-0తో ఉండి, 3-2తో ఓడారు. చివరి మ్యాచ్‌లో నేలబారు బంతి ఫస్ట్ బేస్‌మన్ లియాన్ డర్హమ్ కాళ్ల మధ్య నుంచి జారిపోయింది.

[తెర మీద: రాత్రి వెలుగుల్లో రిగ్లీ ఫీల్డ్. స్కోరు: కబ్స్ 3, మార్లిన్స్ 0.]

ఇప్పుడు ఆ "ఐదు అవుట్లు". 2003 అక్టోబర్ 14, ఫ్లోరిడా మార్లిన్స్‌తో ఆరో మ్యాచ్. గెలిస్తే 1945 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్. ఎనిమిదో ఇన్నింగ్స్, ఒక అవుట్ పడింది, కబ్స్ 3-0. మొదట్లో చెప్పిన లెక్క వేయండి: ఎనిమిదోలో రెండు, తొమ్మిదోలో మూడు. ఐదు అవుట్లు చాలు. పిచర్ మార్క్ ప్రయర్ మంచి ఊపు మీదున్నాడు. స్టేడియం బయట వీధుల్లో కూడా జనం కిక్కిరిసి ఉన్నారు.

లూయిస్ కాస్టిల్లో బంతిని ఎడమ వైపు, ప్రేక్షకుల గోడ అంచుకి ఎగరేశాడు. ఫీల్డర్ మొయిసెస్ అలూ గోడ దగ్గరికి పరిగెత్తి చెయ్యి చాపాడు, పడితే ఇంకో అవుట్. అదే క్షణంలో సీట్లలో ఉన్న నలుగురైదుగురు కూడా చేతులు చాపారు. బంతి తగిలింది మాత్రం ఒకరి చేతికి. అలూ కోపంతో ఊగిపోయాడు. ఆ అభిమాని పేరు అందరికీ తెలుసు, ఈ వీడియోలో నేను చెప్పను. ఆయన చేసింది ఆ చుట్టూ కూర్చున్న ఎవరైనా చేసేదే. ఆ రాత్రి ఆయన్ని భద్రతా సిబ్బంది బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన జనం కంట పడకుండానే బతికాడు.

అసలు ఆ ఇన్నింగ్స్ పోయింది ఆ బంతితో కాదు. కాస్టిల్లోకి ప్రయర్ వాక్ ఇచ్చాడు, అంటే చెడ్డ బంతులు వేసి ఊరికే మొదటి బేస్‌కి పంపాడు. తర్వాతివాడు హిట్ కొట్టాడు. ఆ తర్వాత మిగెల్ కబ్రెరా కొట్టిన బంతి నేరుగా షార్ట్‌స్టాప్ స్థానంలో ఉన్న కబ్స్ ఫీల్డర్ అలెక్స్ గొంజాలెజ్ దగ్గరికి వచ్చింది. డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు అవుట్లు) అయి ఇన్నింగ్స్ ముగిసిపోవాల్సిన బంతి. గ్లవ్‌లోంచి జారింది. అక్కడి నుంచి కట్ట తెగింది, మొత్తం ఎనిమిది రన్‌లు. మర్నాడు ఏడో మ్యాచ్ కూడా 9-6తో ఓడారు. గొంజాలెజ్ పేరు ఎంతమందికి గుర్తుంది? మేక తప్పు అయిపోయింది, అభిమాని తప్పు అయిపోయింది. జట్టుది తప్ప అందరిదీ తప్పే. అభిమాని చేతికి తగిలిన ఆ బంతిని లక్షా పదమూడు వేల డాలర్లకి కొని, 2004 ఫిబ్రవరిలో ఒక రెస్టారెంట్ బయట పబ్లిగ్గా పేల్చేశారు కూడా. దిష్టి తీయడం మనకొక్కరికే అలవాటు అనుకోకండి.

[తెర మీద: వాన. మైదానం మీద పరుస్తున్న పట్టా. కింద "2016".]

చివరికి 2016. బోస్టన్ జట్టుకి జనరల్ మేనేజర్‌గా ఉండి 86 ఏళ్ల కరువు తీర్చిన థియో ఎప్‌స్టీన్‌ని తెచ్చుకుని, కొన్నేళ్లు ఓపికగా ఓడి, కుర్రాళ్లని పెంచారు. శాపానికి మందు పరిహారం కాదు, ప్లానింగ్ అన్నమాట. అక్టోబర్ 22న డాడ్జర్స్‌ని ఓడించి వరల్డ్ సిరీస్‌కి వెళ్లారు. ఇంకో కాకతాళీయం: మేక యజమాని సియానిస్ 1970లో చనిపోయింది కూడా అక్టోబర్ 22నే.

ఫైనల్ క్లీవ్‌లాండ్‌తో. 3-1తో వెనకబడి, 3-3 చేశారు. నవంబర్ 2న ఏడో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 6-4తో ఉండగా రజాయ్ డేవిస్ హోమ్ రన్ కొట్టి 6-6 చేశాడు. టీవీల ముందున్న కబ్స్ అభిమానులకి ప్రాణం పోయినంత పనైంది. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక వాన. పదిహేడు నిమిషాలు ఆట ఆగింది. ఆ పదిహేడు నిమిషాల్లో జేసన్ హేవర్డ్ జట్టునంతా ఒక గదిలో పోగేసి మాట్లాడాడు. పదో ఇన్నింగ్స్‌లో బెన్ జోబ్రిస్ట్ డబుల్, అంటే రెండు బేస్‌ల హిట్. 8-7. ఆఖరి బంతి అందుకున్న క్రిస్ బ్రయంట్ కాలు జారింది, అయినా నవ్వుతూనే విసిరాడు.

ఆ వారం రిగ్లీ ఫీల్డ్ బయటి ఇటుక గోడల నిండా సుద్ద రాతలే. చాలావరకు పేర్లు. ఈ రోజు చూడకుండా పోయిన నాన్నల పేర్లు, నాయనమ్మల పేర్లు, కొన్నిటి పక్కన వాళ్లు పుట్టిన, పోయిన సంవత్సరాలు. మొదట చేతికందే ఎత్తు నిండింది, తర్వాత పైపైకి. 2017లో జట్టు 2003 నాటి ఆ అభిమానికి కూడా ఛాంపియన్‌షిప్ ఉంగరం ఇచ్చింది. ఆలస్యమే, కానీ ఇచ్చింది.

[తెర మీద: స్టేడియం పైన ఎగురుతున్న తెల్ల జెండా, మధ్యలో నీలం రంగు డబ్ల్యూ అక్షరం.]

మరి ఇప్పుడు వెళితే ఏం వినపడుతుంది? ముప్ఫై ఏళ్ల లోపు వాళ్లు మేక గురించి అంతగా మాట్లాడరు. వాళ్ల కోపమంతా 2021 జులై మీద. రిజ్జో, బాయెజ్, బ్రయంట్... కప్పు తెచ్చిన ముగ్గురినీ ఒక్క రోజు తేడాలో ఇతర జట్లకి ఇచ్చేశారు. "ఆ జట్టు ఇంకో కప్పు గెలవాల్సింది" అని వాదన మొదలవుతుంది. వింటున్న పెద్దవాళ్లకి ఒళ్లు మండుతుంది: మేం ఒక్కదాని కోసం జన్మంతా చూశాం, మీకు రెండోది కావాలా అని. మీరు మధ్యలో కూర్చుని ఉంటే "1964లో ఆ బేరం ఆ రోజుకి తప్పంటారా?" అని ఒక్క ప్రశ్న వేయండి చాలు. మూడు ఇన్నింగ్స్ దాకా మీరు మాట్లాడక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. వైట్ సాక్స్ 2005లోనే కప్పు గెలిచారు, వాళ్లది కూడా 88 ఏళ్ల కరువు, దానికి మేకా లేదు గోలా లేదు. ఈ నిజం మీకు తెలుసని ఎంత సంబరంగా ఉన్నా, ఆ స్టేడియంలో కూర్చుని మాత్రం అనకండి.