రియాస్ బైషాస్ వైన్ రివ్యూ: ఒకే ద్రాక్షకి మూడు రుచులెలా వచ్చాయి?

నమస్తే అండి. టేబుల్ మీద మూడు సీసాలున్నాయి. మూడూ అల్బరీన్యో ద్రాక్షవే. మూడూ స్పెయిన్ వాయవ్య మూల, గలీసియాలోని రియాస్ బైషాస్ నుంచి వచ్చినవే. రుచిలో మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. తోటకీ సముద్రానికీ మధ్య ఎంత దూరమన్నదే ఇక్కడ అసలు సంగతి.

రియా అంటే నదీలోయలోకి సముద్రం చొచ్చుకొచ్చిన పాయ. అట్లాంటిక్ మబ్బులు ఇక్కడ ఏడాదికి సుమారు 1,600 మిల్లీమీటర్ల వాన కురిపిస్తాయి. ద్రాక్షకి అది చాలా ఎక్కువ. అయితే వేసవిలో వాన కాస్త తెరిపిస్తుంది. పైగా గ్రానైట్ చివికి ఇసుకైన నేల కాబట్టి వేళ్ల దగ్గర నీరు నిలవదు.

ఇక్కడి ద్రాక్ష పందిరిని దగ్గరగా చూడండి. గుంజలు కర్రవి కావు, గ్రానైట్ రాతివి. ఈ తేమకి కర్ర పుచ్చిపోతుంది. పైన ఇనుప తీగలు లాగి, ద్రాక్షతీగని మనిషి ఎత్తుకి పైన అల్లిస్తారు. గుత్తులు ఆకుల కిందకి వేలాడతాయి, కింద గాలి ఆడి తడి ఆరుతుంది. ఆకు దట్టంగా వదిలేశారో, అదే పందిరి తేమని పట్టి ఉంచి బూజు తెగులు తెస్తుంది. అందుకే గుత్తుల చుట్టూ ఆకు తుంచాలి. పూత మీద వాన పడితే పిందె సరిగా కట్టదు. సెప్టెంబరులో కోత ముందు పడితే కాయ ఉబ్బి రసం పలచబడుతుంది, తొక్క పగిలితే కుళ్లు మొదలవుతుంది. అల్బరీన్యో తొక్క మందం కాబట్టి కొంత తట్టుకుంటుంది.

ఇక గ్లాసులు. మొదటిది వాల్ దో సాల్నేస్, సముద్రం పక్కనే. ఇక్కడి ఐదు ఉపప్రాంతాల్లో చల్లనిది, తేమ ఎక్కువున్నది ఇదే. చల్లదనం వల్ల కాయలో మాలిక్ ఆమ్లం మిగిలిపోతుంది. పచ్చి ఆపిల్ కొరికితే పళ్లు జివ్వుమనిపించేది అదే. నిమ్మతొక్క వాసన, చివర్లో సన్నని ఉప్పదనం. కొందరు తయారీదారులు బ్యాక్టీరియాతో ఆ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తారు. కొద్దిగా అయితే బావుంటుంది, పూర్తిగా మారిస్తే ఆ పదునే పోతుంది.

రెండోది ఓ రోసాల్. మీన్యో నది ఒడ్డున, పోర్చుగల్ సరిహద్దు దగ్గర. ఎండ తగిలే వాలు కాబట్టి పీచ్ వాసన ముందుకొస్తుంది.

మూడోది కొందాదో దో తేయా. సముద్రానికి దూరం, వేసవిలో వేడి. పులుపు తగ్గి, నోట్లో బరువుగా ఉంటుంది. పులుపు పడనివాళ్లు దీనితో మొదలుపెట్టండి. ఈ తీరం రుచి అచ్చంగా కావాలంటే మాత్రం సాల్నేసే.

లేబుల్ మీద 'రియాస్ బైషాస్ అల్బరీన్యో' అని ఉంటే 100 శాతం ఆ ద్రాక్షే. ఉపప్రాంతం పేరు మాత్రమే ఉంటే వేరే రకాలు కలిసి ఉండొచ్చు, వెనక లేబుల్ కూడా చదవండి. 8 నుంచి 10 డిగ్రీల మధ్య పోయండి. అంతకంటే చల్లబరిస్తే ఆ నిమ్మతొక్క వాసన అణిగిపోతుంది.