ఆ బెంచీలు పీకేసే ముందు ఇత్తడి చట్రం చూశారా?

మళ్లీ అదే గొడవ! ఇంగ్లండ్‌లో విక్టోరియా రాణి కాలం నాటి ఇంకో చర్చి, ఇంకో బెంచీల పంచాయితీ. బెంచీలు తీసేసి కుర్చీలు వేద్దామని సంఘం అంటుంది. వద్దని, ఆ కాలపు కట్టడాలను కాపాడే విక్టోరియన్ సొసైటీ అడ్డం పడుతుంది. చివరికి వ్యవహారం డయాసిస్ కోర్టులో, అంటే బిషప్ పరిధిలోని చర్చి కోర్టులో, చాన్సలర్ అనే జడ్జి దగ్గర తేలుతుంది. ఈ గొడవలో కుర్చీల పక్షం వాళ్లు ప్రతిసారీ ఒక మాట అంటున్నారు. "ఆ బెంచీలు దొరల కాలం నాటి వర్గభేదం, పోతేనే మంచిది" అని. ఇది పూర్తిగా తలకిందులు మాట! విక్టోరియన్ బెంచీ వర్గభేదం కాదండీ. వర్గభేదానికి వేసిన మందు అది.

ఎలాగంటారా? యార్క్‌షైర్ తీరంలో విట్‌బీ అనే ఊరుంది. అక్కడ కొండ మీద సెయింట్ మేరీ చర్చి ఉంది. బెంచీలకు ముందు ఏముండేదో ఇవాళ్టికీ అక్కడ కళ్లారా చూడొచ్చు. పెట్టె సీట్లు. చుట్టూ చెక్క గోడలు, లోపలికి వెళ్లడానికి తలుపు. ఒక్కో కుటుంబం ఒక్కో పెట్టెలో దూరి తలుపేసుకునేది. లోపల సీటు మూడు వైపులా ఉంటుంది కాబట్టి కొందరి వీపు బలిపీఠం వైపే తిరిగి ఉండేది. మోకరించడానికి చోటుండదు. కొన్ని పెట్టెల మీద "పరాయివారికి మాత్రమే" అని రాసి ఉంటుంది, ఇప్పటికీ చదవొచ్చు. దేవుడి ఇంట్లో పరాయివాళ్లెవరండీ?

దీన్ని బద్దలుకొట్టింది విక్టోరియన్లే. 1839లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కుర్రాళ్లు కామ్డెన్ సొసైటీ పెట్టారు, చర్చి కట్టడాల గురించి పట్టించుకునే సంఘం అది. అందులో జాన్ మేసన్ నీల్ అనే ఆయనకు పెట్టె సీట్లంటే పరమ అసహ్యం. తలుపుల్లేని పొట్టి బెంచీలు, అందరి ముఖం తూర్పుకు, ముందు మోకరించే చోటు. వాళ్లు అడిగింది అదే. అన్నట్టు, మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చోవాలని కూడా వాళ్లు పట్టుబట్టారు. మన పల్లె చర్చీల్లో చాపల మీద కూర్చునే పద్ధతి గుర్తొచ్చిందా? ఊడదీసిన పెట్టెల చెక్కలు కూడా పారేయలేదు. చాలా చర్చీల్లో గోడ కింది భాగానికి బిగించారు. ఈ చెక్క సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానికి వస్తాను.

"మరి బెంచీల మీద నంబర్లు ఎందుకున్నాయి? అద్దెకిచ్చారు కదా?" అని అడుగుతారు. ఇచ్చారు. నేను కాదనను. బెంచీ చివర దగ్గరగా చూడండి. చిన్న ఇత్తడి చట్రం ఉంటుంది, అద్దె కట్టినవాళ్ల పేరు కార్డు అందులోకి జరిపేవారు. దాని పక్కన గొడుగు నిలబెట్టే ఇనుప కడియం, కింద నీళ్లు కారడానికి చిన్న పళ్లెం. కానీ అద్దె వేసింది బెంచీ కాదు, చట్టం! 1818లో పార్లమెంటు కొత్త చర్చీలకు 10 లక్షల పౌండ్లు ఇచ్చింది. పాదిరి జీతం మాత్రం సీట్ల అద్దె నుంచి తీసుకొమ్మంది. డబ్బున్నవాడికి ముందు వరస, లేనివాడికి వెనక వరసో గ్యాలరీయో.

ఫలితం ఏమైంది? 1851 మార్చి 30, ఆదివారం. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రార్థనకు వచ్చినవాళ్లను లెక్కపెట్టారు. రాగలిగి కూడా రానివాళ్లు 52,88,294 మంది అని, ఆ లెక్కల నివేదిక రాసిన హొరేస్ మాన్ అంచనా వేశాడు. కూలి జనం ఎందుకు రావడం లేదు అన్నదానికి ఆయన రాసిన కారణాల్లో ఈ సీట్ల తేడాలు ముందున్నాయి. లోపల కూడా నువ్వు వేరు, నేను వేరు అంటే ఎవడొస్తాడు?

అక్కడి నుంచే ఉచిత సీట్ల ఉద్యమం ఊపందుకుంది. 1866లో దానికోసం ఏకంగా ఒక సంఘమే పుట్టింది. అద్దె పోతే పాదిరికి తిండెలా? ఆదివారం ఆదివారం కానుకలు పట్టారు. చూశారా, ఇవాళ కానుకల సంచి చేతికొస్తే మనకు మామూలు, అప్పట్లో అది అద్దె మీద తిరుగుబాటు!

సరే, ఇప్పుడు పీకేవాళ్లకు. ఆ బెంచీలు నేల మీద లేవు. చెక్క వేదిక మీద ఉన్నాయి. కింద చిన్న గోడలు, వాటి మీద దూలాలు, మధ్యలో గాలి ఆడే ఖాళీ. వేదిక తీయగానే నడవ పలకలకూ అక్కడికీ ఎత్తు తేడా వస్తుంది. అప్పుడేం చేస్తారు? ప్లాస్టిక్ షీటు పరిచి సిమెంటు కాంక్రీటు పోసేస్తారు. అదే తప్పు! నేల చెమ్మకు పైకి దారి మూసుకుపోతే అది పక్కకు జరిగి స్తంభాల మొదళ్లకు, గోడలకు ఎక్కుతుంది. ఉప్పు పొంగి ప్లాస్టరు ఊడుతుంది. ఇందాక చెప్పిన చెక్క గోడకే ఉంటే దాని వెనక చెమ్మ చేరి చెక్క కుళ్లుతుంది. పోయాలంటే సున్నపు కాంక్రీటు పోయాలి, అది ఊపిరి పీల్చుకుంటుంది. తవ్వే ముందు పురావస్తు నిపుణుణ్ణి పిలవాలి, కింద సమాధులు ఉండొచ్చు.

ఇంక మెత్తటి కుర్చీలు. ఆ గుడ్డ పాటను మింగేస్తుంది. పక్కవాడి గొంతు వినబడకపోతే జనం పాడటం మానేస్తారు. గుడ్డ లేని చెక్క కుర్చీలే వేయమని, చర్చి కట్టడాలపై సలహాలిచ్చే చర్చి బిల్డింగ్స్ కౌన్సిల్ మొత్తుకునేది అందుకే. రెండువందల కుర్చీలు దాచడానికి గదేదీ? పక్క చాపెల్ గోదాము అవుతుంది.

అసలు అన్నీ ఎందుకు తీయాలి? మధ్య వరసలు ఉంచండి. వెనకవి, పక్కవి తీస్తే టీ బల్లకు, పిల్లలకు చోటు వస్తుంది. ముందు ఆర్చ్‌డీకన్ (బిషప్ కింద ఉండే పెద్ద పాదిరి) దగ్గర తాత్కాలిక అనుమతి తీసుకుని, ఏదీ కోయకుండా, తీసింది భద్రంగా దాచి చూడండి. కుదరకపోతే తిరిగి పెట్టేయొచ్చు.

చివరగా, స్క్రూడ్రైవర్ పట్టే ముందు పోర్చిలోకి వెళ్లండి. చాలా చర్చీల్లో అక్కడ పాత పలక ఒకటి ఉంటుంది. చర్చీలు కట్టించే సొసైటీ ఫలానా ఏడు ఇన్ని పౌండ్లు ఇచ్చింది, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా సీట్లు ఈ పారిష్ పేదలకు కేటాయించాలన్న షరతు మీద ఇచ్చింది, అని. ఆ నంబర్లు రాసుకుని లోపలికి రండి. మీరు పీకబోయే బెంచీ నంబరుతో సరిచూడండి.