గాలిపడవ మాట

సభకు నమస్కారమండి. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చదివితే పొద్దు గూకుతుంది, ఏమీ అనుకోకండి. గ్రంథాలయ వారోత్సవాలు కదా, పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. పుస్తకాలు చదవండి, మంచిది. ఆ ముక్క అయిపోయింది. ఇక తెరచాప సంగతికొస్తాను.

వెనకాల కుర్రాళ్ళు నవ్వుతున్నారు. నవ్వండి బాబూ. గాలితో నడిచే పడవ ఎక్కినవాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు! అటు గోదారి, ఇటు ఉప్పుటేరు, కింద సముద్రం. అయినా ఒక్కటీ లేదు.

సముద్రం గొప్పదే, కాదనను. అంతర్వేదిలో నా పాత శిష్యుడి నావ ఎక్కాను. తెల్లారగట్ల నేల మీంచి వీచే గాలికి చాపెత్తి లోపలికెళ్ళడం, ఎండెక్కి నేల కాగాక సముద్రపు గాలి మళ్ళితే దాంతో ఇంటికి రావడం, అదీ వాళ్ళ తాతల నాటి లెక్క. లెక్క బాగానే ఉంది. నాకు మాత్రం మొగ, అదే గోదారి సముద్రంలో కలిసే చోటు, దాటగానే చద్దన్నం బయటికొచ్చేసింది. “ఒడ్డు కేసి చూడండి మాస్టారూ, తగ్గుద్ది” అన్నాడు. కనపడితేగా ఒడ్డు!

కొల్లేరు అలా కాదండి. నా పన్నెండో ఏట మా అన్నయ్యా నేనూ రెండు తాటిదోనెలు జత కట్టి, వెదురు నాటి, దానికి నాన్న పంచె కట్టాం. చెరువు గాలికి నిలకడ లేదు. ఓ తాటితోపు అడ్డొస్తే చచ్చిపోతుంది, తోపు దాటగానే చెంప మీద కొడుతుంది. కానీ అది రావడం కంటికి కనిపిస్తుంది. దూరంగా నీటి మీద నల్లటి ముడత ఒకటి మనకేసి పరిగెత్తుకొస్తుంది. అది తగిలేలోపు పంచె వదులు చెయ్యాలి. అన్నయ్య చెయ్యలేదు. బోల్తా! లేచి నిలబడితే నీళ్ళు నడుం దాకే. పంచెకి పట్టిన బురద మరక మాత్రం ఎన్ని ఉతుకులకీ పోలేదు. ఆ వారం పెళ్ళికి నాన్న మా మావయ్య పంచె అడిగి కట్టుకెళ్ళారు. ఇంట్లో ఏం జరిగిందో చెప్పను, ఆడపిల్లలున్నారు.

భోపాల్‌కి సముద్రం ఉందా? పెద్ద చెరువుంది. అక్కడ నేర్చుకున్న నేహా ఠాకూర్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పడవ పందెంలో వెండి పతకం తెచ్చింది. మరి మనం? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలువలు తవ్వించింది వరికి ఒక్కదానికే కాదండి, పడవలక్కూడా. లాకులు పెట్టిందే పడవని మెట్టు దింపడానికి! ఇప్పుడందులో గుర్రపుడెక్క ఎంత దట్టమంటే కొంగ నడిచిపోతుంది. తీయించమని మూడు అర్జీలు పెట్టాను. “బస్సుంది కదండీ, పడవెందుకు?” అన్నారొకాయన. ఆయనకేం చెప్పను?

అధ్యక్షులు చీటీ పంపారు. అయిపోయిందండి, ఒక్క నిమిషం. మా తమ్ముడి చేపల చెరువులో పట్టుబడి అయిపోయింది, నీళ్ళింకా తోడలేదు. నా పడవ పశువుల కొట్టంలో బోర్లించి ఉంది. ఆదివారం పొద్దున్నే రండి. ఈతొచ్చినవాళ్ళే రావాలి, ఇంట్లో చెప్పి రావాలి. లైఫ్ జాకెట్లు నాలుగే ఉన్నాయి, విడతకి నలుగురు. చాప గుడ్డ నేనే తెస్తాను. మీ నాన్నగారి పంచెల జోలికి మాత్రం వెళ్ళకండి.