చక్రం పోయిందా, చక్రంలో ఏదైనా పోయిందా?

అందరికీ నమస్కారం. పాత ఫోర్కుకు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల కడ్డీకి, బిగించిన వంకర చక్రాన్ని మోసుకుంటూ వేదిక ఎక్కితే ముందు వరసలో ఇద్దరు నవ్వారు. నవ్వండి, ఫర్వాలేదు. ఇది నా సైకిల్ ముందు చక్రం. వారం కిందట గుంటలో పడింది. మీ ముందే బాగు చేద్దామని ఇన్నాళ్లూ ముట్టుకోలేదు.

చక్రం కాస్త ఊగగానే మనం అనే మాట 'చక్రం పోయింది'. తర్వాత కొత్తది ఎంతని అడుగుతాం. కానీ చక్రం అనేది ఒక్క వస్తువు కాదు. బయటి వలయం రిమ్ము, సన్నటి తీగల్లాంటి స్పోకులు, వాటి కొసన వాటిని రిమ్ముకు బిగించే చిన్న నట్లు నిపిల్స్, నడుమ హబ్బు, హబ్బులో ఇరుసు, బాల్స్, వాటిని పట్టి ఉంచే కోన్లు. లారీ కింద పడితే తప్ప ఇవన్నీ ఒకేసారి పోవడం నేను చూడలేదు. ఏది పోయిందో తెలిస్తే దానికే డబ్బు పెట్టొచ్చు. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కనిపెట్టడం గురించే.

ముందు ఒక సంగతి. ఎడ్లబండి చక్రంలో ఆకు, అంటే నడుమ నుంచి అంచుకు పోయే కర్ర, స్తంభంలా నిలబడి బరువు మోస్తుంది. సైకిల్ స్పోకు అలా మోయలేదు. రెండు మిల్లీమీటర్ల తీగ అది, నిలబెట్టి నొక్కితే వంగిపోతుంది. దాని బలమంతా లాగుడులో ఉంది. 1808లో జార్జ్ కేలీ అనే ఇంగ్లిష్ ఆయన తన ఎగిరే యంత్రానికి తేలికైన చక్రం కావాలని ఇలాంటిది గీసి పెట్టుకున్నాడు. సైకిల్ అప్పటికింకా పుట్టలేదు! సరే, మనం స్పోకులన్నిటినీ ముందే లాగి బిగిస్తాం. మీరు ఎక్కి కూర్చోగానే నేల దగ్గరున్న కొన్ని స్పోకుల బిగువు తగ్గుతుంది. చక్రం తిరిగేకొద్దీ ప్రతి స్పోకూ చుట్టుకోసారి సడలి, మళ్లీ బిగుస్తుంది. ఉండాల్సిన బిగువు లేని స్పోకు ఈ ఊపుకు అలసిపోయి, హబ్బు దగ్గర వంపు తిరిగిన చోట తెగుతుంది. 'మరీ బిగించారు, అందుకే తెగింది' అంటుంటారు. ఎక్కువసార్లు అసలు కారణం బిగువు చాలకపోవడమే.

ఇప్పుడు ఇది చూడండి. ఫోర్కు ఎడమ కాలుకు ఒక జిప్ టై, అంటే ప్లాస్టిక్ కట్టుపట్టీ, కట్టి, దాని కొసను రిమ్ముకు తగిలీ తగలనట్టు కత్తిరించాను. చక్రం వంకర చూసి సరిచేసే ట్రూయింగ్ స్టాండు అంటారే, నాకు అది ఇదే. తిప్పుతున్నాను... విన్నారా? చుట్టుకోసారి 'సర్ర్'మని రాసుకుంటోంది. అక్కడ రిమ్ము ఎడమకు వచ్చింది. ఆ చోట కుడివైపు స్పోకును వేలితో మీటుతాను. 'డబ్'. పక్కనున్న కుడి స్పోకు? 'టింగ్'. అంటే మొదటిది వదులైంది. దాన్ని బిగిస్తే రిమ్ము కుడికి వస్తుంది. ఖర్చు ఏమీ లేదు.

అదే స్పోకు మిగతావాటికంటే సన్నటి గొంతుతో మోగుతూ, అయినా రిమ్ము ఎడమకే ఉందనుకోండి. అప్పుడు వంగింది రిమ్మే. స్పోకు తన శక్తికి మించి లాగుతున్నా అది రావడం లేదన్నమాట. కొంచెమే అయితే సర్దుకుంటుంది. ఎక్కువైతే నిపిల్ తిప్పి లాభం లేదు, రిమ్ము మార్చాల్సిందే. టూల్స్ కొనకముందే, దుకాణానికి వెళ్లకముందే ఈ తేడా మీ చెవికి తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు మామూలుగానే ఎక్కువ బిగువుతో ఉంటాయి, అందుకని ఏ వైపువాటిని ఆ వైపువాటితోనే పోల్చండి.

సరే, బిగిద్దాం. నిపిల్‌ను తిప్పడానికి కొలత సరిపోయిన స్పోక్ కీ కావాలి. లేకపోతే నిపిల్ అంచులు అరిగి గుండ్రమవుతాయి. మొదటిసారి నేను కటింగ్ ప్లయరుతో తిప్పాను. అదీ పావు చుట్టు కాదు, రెండేసి చుట్లు. ఊగిన ప్రతిచోటా బిగిస్తూ పోయాను. సాయంత్రానికి పక్కలకు ఊగడం తగ్గింది గానీ రిమ్ము కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. బిగించిన ప్రతి స్పోకూ రిమ్మును పక్కకే కాదు, లోపలికీ లాగుతుందని అప్పుడు తెలిసింది. అందుకే కుడిది పావు చుట్టు బిగిస్తే, దాని పక్కనున్న ఎడమది పావు చుట్టు వదలండి. ఇక్కడ మాత్రం కుడిది ముందే వదులుగా ఉంది కాబట్టి ఎడమదాన్ని ముట్టుకోను. టైరు వైపు నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు తిరిగే దిక్కు బిగుసుకుంటుంది. పావు చుట్టు... తిప్పి చూద్దాం. ఇంకొంచెం. ఇప్పుడు రాసుకోవడం లేదు. నిపిల్ తుప్పుపట్టి కదలకపోతే బలం పెట్టకండి, స్పోకు కొసనున్న మరల (స్క్రూ గీతల) మీద చుక్క నూనె వేసి మర్నాడు రండి.

స్పోకు తెగితే? ఒకటి తెగితే ఒకటి మార్చండి. పొడవు కొలిచేటప్పుడు వంపు లోపలి అంచు నుంచి మరల కొస దాకా కొలవాలి, రెండు మిల్లీమీటర్ల తేడా కూడా ఇబ్బంది పెడుతుంది. దారిలో తెగితే పక్క స్పోకుకు చుట్టి, బ్రేకు కాస్త వదులు చేసి, మెల్లగా ఇంటికి చేరండి. ఒక ఏడాది నా వెనక చక్రంలో ఒకే వైపు మూడు తెగాయి. రిపేరు చేసినాయన ప్రతిసారీ ఒక్కటి వేసి పంపాడు, నేనూ సంతోషించాను. నాలుగోది తెగినప్పుడు గానీ అర్థం కాలేదు, ఆ వైపువన్నీ ఒకే వయసువి, ఒకేలా అలసిపోయాయని. మొత్తం ఆ వైపంతా మార్చాక మళ్లీ తెగలేదు. మూడుసార్లు ఇచ్చిన కూలీ మాత్రం తిరిగి రాలేదు.

రిమ్ము మార్చడం భయపడినంత పని కాదు. అదే రకం రిమ్ము, అన్నే రంధ్రాలు, లోపలి కొలత మిల్లీమీటరు అటూ ఇటూగా సమానం అయితే పాత స్పోకులే పనికొస్తాయి. స్పోకులన్నీ కొంచెం కొంచెంగా వదులు చేసి, కొత్త రిమ్మును పాతదాని పక్కన వాల్వు రంధ్రాలు కలిసేలా ఆనించి టేపు వెయ్యండి. ఒక్కో స్పోకునూ పాత రంధ్రం నుంచి పక్కనున్న కొత్త రంధ్రంలోకి మార్చుకుంటూ రండి. అల్లిక గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఆదివారం పూట పని.

హబ్బులో గరగర శబ్దం వస్తే బాల్స్, గ్రీజు మార్చండి. ఇదీ చవకైన వైద్యమే. కోను మీద గుంటలు పడితే కోను కూడా మార్చాలి.

పిసినారితనం పనికిరానివి రెండున్నాయి. నిపిల్ రంధ్రం చుట్టూ చీలిక కనిపిస్తే ఆ రిమ్ము ఇక వాడకండి. బ్రేకు రబ్బరు రాసుకునే గోడ అరిగి లోపలికి పల్లంలా దిగినా అంతే, గాలి ఒత్తిడికి ఆ గోడ విచ్చుకుంటుంది. ముందు చక్రంలో అది జరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇన్ని చెప్పాక ఇది కూడా చెప్పాలి. రిమ్ము, స్పోకులు రెండూ పోయి, పని మనకు చేతకాక కూలీ ఇవ్వాల్సి వస్తే, మామూలు రకం తయారు చక్రమే చవక. కొనండి, చిన్నతనమేమీ కాదు. పాతది కొన్నా సరే. కానీ '26 అంగుళాలు' అన్న మాట నమ్మి కొనొద్దు. ఆ పేరుతో 559 మిల్లీమీటర్ల రిమ్మూ ఉంది, 590దీ ఉంది. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. మీ టైరు పక్కన 37-590 లాంటి అంకె చూడండి, రెండోదే అసలు కొలత. ఇరుసు దగ్గర వెడల్పూ కొలవండి. 135 మిల్లీమీటర్ల వెనక హబ్బు 130 ఫ్రేములోకి అంత తేలిగ్గా దూరదు.

కొత్తదైనా పాతదైనా, వాడేముందు సమాంతరంగా ఉన్న స్పోకులను జతలుగా పట్టుకుని గట్టిగా పిండండి. సర్దుకోవాల్సినవి అప్పుడే సర్దుకుంటాయి. నాలుగైదు సార్లు తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి మీటి చూడండి.

ఈ చక్రంలో ఇంకో చోట కూడా ఊగుతోంది, అటు వాల్వుకు ఎదురుగా. దాన్ని కావాలనే వదిలేశాను. కీ ఇక్కడే ఉంది. నవ్విన ఇద్దరూ ముందు రండి.