తలనొప్పని పడుకుంది: డొరొతీ ఆర్నాల్డ్ కేసు

మరిది: నమస్తే అండి, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి మా వదిన ఏకంగా న్యూయార్క్ కేసు పట్టుకొచ్చారు.

వదిన: న్యూయార్కే గానీ, వింటుంటే మన వీధే గుర్తొస్తుంది బాబూ. 1910 డిసెంబర్ 12. డొరొతీ ఆర్నాల్డ్, పాతికేళ్ల పిల్ల. తండ్రి అత్తర్లు దిగుమతి చేసే పెద్ద వ్యాపారి. చెల్లెల్ని పెద్దింటి వాళ్లందరికీ పరిచయం చేసే పార్టీ ఒకటి దగ్గర పడింది. దానికి డ్రెస్సు కొనుక్కొస్తానని పొద్దున పదకొండు ప్రాంతంలో బయల్దేరింది. తల్లి తోడొస్తానంటే వద్దంది.

మరిది: చేతిలో డబ్బులున్నాయా?

వదిన: ఓ 25, 30 డాలర్లు. ఫిఫ్త్ అవెన్యూలో అర పౌను చాక్లెట్లు తీసుకుని ఇంటి ఖాతాలో రాయించింది. తర్వాత ఒక పుస్తకం కొంది. షాపు బయట స్నేహితురాలు కనబడితే పార్టీ ముచ్చట్లు చెప్పుకున్నారు. సెంట్రల్ పార్కు మీదుగా నడుచుకుంటూ ఇంటికి పోతానంది. అప్పటికి మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఆ తర్వాత ఆమెను చూశామని గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు.

మరిది: పట్టపగలు, అంత రద్దీ వీధిలో!

వదిన: అసలు సంగతి ఆ రాత్రిది. భోజనాల వేళకీ రాకపోయేసరికి ఇంట్లోవాళ్లు స్నేహితులందరికీ ఫోన్లు చేశారు. అర్ధరాత్రి దాటాక ఒకమ్మాయి తిరిగి ఫోన్ చేసి, వచ్చిందా అని అడిగింది. తల్లి ఏం చెప్పిందో తెలుసా? వచ్చేసింది, తలనొప్పని పడుకుందని.

మరిది: అయ్యబాబోయ్! పిల్ల రాకుండానే?

వదిన: ఆవిడను తిట్టబుద్ధి కాలేదు నాకు. ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉంది, పార్టీ ముందుంది. మనమైతే ఏం చేస్తాం? 'అమ్మమ్మ గారింటికెళ్లింది' అని పక్కింటికి చెప్పేసి తలుపేసుకోమా? నలుగురి నోళ్లలో పడితే చిన్నదానికి సంబంధాలు రావని భయం.

మరిది: మరి పోలీసులు?

వదిన: ముందు తెలిసిన లాయరును పిలిచారు. ఆయన డొరొతీ గది వెతికితే విదేశీ ఓడల కరపత్రాలు దొరికాయి, పొయ్యిలో కాలిన కాగితాలు కనిపించాయి. ఆసుపత్రులు, మార్చురీలు, జైళ్లు అన్నీ తిరిగాడు. తర్వాత పింకర్టన్ అనే ప్రైవేటు కంపెనీ డిటెక్టివ్‌లను పెట్టారు. పోలీసుల దాకా వెళ్లేసరికి వారాలు గడిచిపోయాయి. పేపర్ల వాళ్లకు చెప్పమని పోలీసులు పోరితే తండ్రి ఒప్పుకున్నది జనవరి నెలాఖర్లో. ఆరు వారాలు! పార్కులో బల్ల మీద కూర్చున్న మనిషికి ఆరు వారాల నాటి మధ్యాహ్నం ఏం గుర్తుంటుంది?

మరిది: మనకైతే ఇంకో చిక్కుంది వదినా. మన పర్లాకిమిడి ఒడిశా, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. ఇల్లేమో ఇక్కడ, ఆఖరిసారి కనిపించింది అక్కడ. ఏ స్టేషన్‌కెళ్లాలి?

వదిన: దగ్గర్లో ఏదుంటే అదే. ఎవరైనా ఎత్తుకెళ్లారన్న అనుమానం ఉందా, 'మా పరిధి కాదు' అని పంపేయడానికి లేదు. జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా రాసుకునే కేసు, కట్టి వాళ్లే అవతలి స్టేషన్‌కు పంపాలి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టంలో అది రాసే ఉంది. ఇరవై నాలుగు గంటలు ఆగి రమ్మంటారే, అలాంటి రూలే లేదు. పద్దెనిమిది నిండని పిల్లయితే కిడ్నాప్ అనుకునే కేసు కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది.

మరిది: సరే, డొరొతీకి ప్రేమ వ్యవహారం ఏమైనా?

వదిన: ఉంది. పిట్స్‌బర్గ్ ఆయన, నలభై దాటినవాడు. ఆ సెప్టెంబర్‌లోనే నగలు తాకట్టు పెట్టి బోస్టన్‌లో అతనితో వారం ఉంది. కానీ ఆమె మాయమైన రోజున అతను ఇటలీలో ఉన్నాడు. ఇంకోటి, ఆ పిల్లకు రచయిత్రి కావాలని ఆశ. కథలు పత్రిక నుంచి తిరిగొచ్చాయి. రాసుకోవడానికి విడిగా ఉంటానంటే తండ్రి కుదరదన్నాడు.

మరిది: పారిపోయి ఉంటుందా?

వదిన: ముప్పై డాలర్లతో, బట్టలన్నీ ఇంట్లో వదిలేసి? నేను నమ్మను. దొంగచాటు అబార్షన్ వికటించి చనిపోయిందని 1914లో ఒక పుకారు లేచింది. 1916లో ఒక ఖైదీ, ఆమె శవాన్ని పాతిపెట్టడానికి సాయం చేశానన్నాడు. పోలీసులు తవ్వి చూస్తే ఏమీ లేదు. తండ్రి మాత్రం పార్కులో ఎవరో చంపేశారనే నమ్మాడు. 1922లో పోయాడాయన. కూతురు బతికి లేదని వీలునామాలో రాసి మరీ పోయాడు.

మరిది: మీకు ఆయన మాట నచ్చలేదు, మొహంలో తెలిసిపోతోంది.

వదిన: ఇంటి పరువుకు మచ్చ రాని కథ అదొక్కటే కదా బాబూ. అందుకే నాకు అనుమానం.

మరిది: అంత మాటనకండి వదినా. డిసెంబర్ చలిలో పార్కులో జనం పలచగానే ఉంటారు. నిజంగానే అక్కడ జరిగి ఉండొచ్చు.

వదిన: ఉండొచ్చు. అయితే మర్నాడే పార్కంతా గాలించాల్సింది, ఆయనే వెళ్లి పోలీసులను లేపి.