ఇంట్లో హెడ్ పోర్టింగ్: గ్రైండర్ ఆన్ చేసే ముందు

[దగ్గరి షాట్: అరచేతిలో అల్యూమినియం రజను, వెలుతురులో మెరుస్తూ]

నమస్తే. బండి ఇంజన్ పైన వాల్వ్‌లుండే భాగం హెడ్, దాని లోపలి గాలి దారులను సాపు చేసే పని పోర్టింగ్. ఇది అలాంటి ఒక్క ఇన్‌టేక్ పోర్ట్ నుంచి అయిదు నిమిషాల్లో రాలిన రజను. దూరం నుంచి పొడిలా ఉంటుంది. దగ్గరగా చూడండి, ప్రతి తునకా ఒక సూది.

రెండేళ్ల కింద ఇలాంటిదే ఒకటి నా కుడి కంట్లో పడింది. పని చేసినంతసేపూ అద్దాలు పెట్టుకునే ఉన్నా. గ్రైండర్ ఆపి, అద్దాలు తీసేసి, పోర్ట్ ఎలా వచ్చిందో చూద్దామని నోటితో ఊదాను. లోపలున్న రజనంతా ఎదురు లేచింది. కన్ను నలిపాను, అది ఇంకా లోపలికి దిగింది. పొద్దున డాక్టర్ చుక్కల మందు వేసి, కన్ను మొద్దుబారాక సూదితో తీశారు. అల్యూమినియం అయస్కాంతానికి కూడా అంటుకోదు. అందుకే ఈ వీడియోలో ఎంత పవర్ పెరుగుతుందన్న మాట కంటే ముందు కన్ను, చెయ్యి, హెడ్ మూడూ క్షేమంగా ఉండేలా పని ఎలా చేయాలో చెప్తాను.

[షాట్: హనుమకొండలో ఇంటి వెనక రేకుల షెడ్డు. బల్ల మీద వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బండి హెడ్]

కార్బురేటర్ నుంచి వాల్వ్ దాకా గాలీ పెట్రోలూ వచ్చే దారి ఇన్‌టేక్ పోర్ట్. కాలిన పొగ బయటికి పోయే దారి ఎగ్జాస్ట్ పోర్ట్. ఫ్యాక్టరీలో పోత పోసినప్పుడు లోపల గరుకు, మెట్లు, అతుకు గీతలు మిగులుతాయి. వాటిని సాపు చేయడమే పోర్టింగ్. రంధ్రాన్ని పెద్దది చేయడం కాదు. మన పొలం కాలువే చూడండి, అవే నీళ్లకు కాలువ వెడల్పు చేస్తే ఉరవడి తగ్గిపోతుంది. చిన్న ఇంజన్ పోర్ట్‌ను అడ్డగోలుగా తొలిస్తే గాలి వేగం పడిపోయి, తక్కువ స్పీడులో బండి లాగదు. హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో మనకు కావాల్సింది ఆ లాగుడే.

యమహా ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్లు తమ బండికీ ఇలా చేయొచ్చా అని ఎప్పుడూ అడుగుతుంటారు. అది టూ స్ట్రోక్, దాని హెడ్‌లో పోర్టులే ఉండవు. అవి బోరులో, అంటే పిస్టన్ ఆడే సిలిండర్‌లో ఉంటాయి. ఆ పని వేరు, ఈ వీడియో దానికి పనికిరాదు. ఇంకో మాట, రోడ్డు మీద తిరిగే బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఆంక్షలున్నాయి. వారంటీలో ఉన్న బండైతే అసలు ముట్టుకోకండి.

[షాట్: బల్ల మీద డై గ్రైండర్, కార్బైడ్ బర్లు]

ఇక సామాను. అసలైన మిషన్ డై గ్రైండర్. దాని కొనకు బిగించే, లోహాన్ని కోసే పళ్లున్న ముక్క బర్. కరెంటుతో నడిచేవి చాలావరకు నిమిషానికి 25,000 చుట్ల పైనే తిరుగుతాయి. అల్యూమినియం హెడ్‌కు అంత వేగం అక్కర్లేదు, 10,000 నుంచి 15,000 మధ్య అయితే చెయ్యి అదుపులో ఉంటుంది. అందుకే స్పీడు తగ్గించుకునే వీలున్నదే కొనండి. ఇంట్లో ఉన్న డ్రిల్‌కు బర్ బిగించి చేస్తామంటారు కొందరు. డ్రిల్ వేగం చాలదు, బర్ కోయకుండా ఎగురుతుంది, గోడలో గుంటలు పెడుతుంది.

బర్ కొనేటప్పుడు పళ్లు చూడండి. ఒకే వైపు వాలి, మధ్య గాడి వెడల్పుగా ఉన్నది అల్యూమినియానికి. అడ్డదిడ్డంగా చిన్న పళ్లున్నది ఇనుముకు. రెండోదాన్ని అల్యూమినియం మీద పెడితే నిమిషంలో పళ్ల మధ్య లోహం ఇరుక్కుని నున్నగా అయిపోతుంది. సరైన బర్ కూడా కాసేపటికి పూడుకుంటుంది. అప్పుడు మిషన్ ఆపి, ప్లగ్ తీసి, బర్‌కు కొవ్వొత్తి రుద్దండి, చాలు. చాలామంది గ్యాస్‌నూనె (కిరోసిన్) చుక్కలు వేస్తారు, నేను వద్దంటాను. ఈ మోటార్లలో కార్బన్ బ్రష్‌ల దగ్గర ఎప్పుడూ సన్నటి నిప్పురవ్వలు వస్తుంటాయి. పెట్రోలైతే షెడ్డులోనే ఉండకూడదు. మసి కడగడానికి గిన్నెలో పోసిన పెట్రోలు పక్కన పెట్టుకుని గ్రైండర్ ఆన్ చేసినవాళ్లను చూశాను. చెప్తుంటేనే నాకు టెన్షన్.

[దగ్గరి షాట్: పొడుగు కాడ బర్. కొన పోర్ట్ లోపలికి వెళ్తుంది, తర్వాత స్విచ్ పడుతుంది]

ఈ షాట్ రెండుసార్లు చూడండి. పొడుగు కాడ ఉన్న బర్‌ను బయట గాలిలో పూర్తి వేగంతో తిప్పకూడదు. ఆనుకోవడానికి ఏమీ లేకపోతే కాడ ఒంగి కొరడాలా తిరుగుతుంది, అది ఎటు విసిరేస్తుందో చెప్పలేం. ముందు కొనను పోర్ట్‌లో పెట్టండి, తర్వాతే స్విచ్. తీసేటప్పుడు స్విచ్ ఆపి, బర్ పూర్తిగా ఆగాక బయటికి లాగండి.

కరెంటు పోవడం మనకు కొత్త కాదు. పని మధ్యలో కరెంటు పోతే మిషన్ అక్కడే పడేసి బయటికి వెళ్లిపోతాం, స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు రాగానే బల్ల మీద గ్రైండర్ తనంతట తానే లేస్తుంది. అందుకని కరెంటు పోయిన క్షణమే ప్లగ్ పీకేయండి. మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్తింగ్, లైన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్) ఉండాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దానికి వైరే ఉండదు. ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

[షాట్: అద్దాలు, ముఖానికి పారదర్శక కవచం, మాస్కు, ఇయర్ ప్లగ్గులు]

పక్కలు కూడా మూసుకునే అద్దాలు, వాటి మీద ఫేస్ షీల్డ్. రెండూ. అద్దాలు మాత్రం రజను పూర్తిగా ఊడ్చి, చేతులు కడుక్కున్నాకే తీయాలి. నా కథలో తప్పు అక్కడే జరిగింది. మాస్కు ఎన్95. భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టండి, చొక్కా చేతులు వేలాడకూడదు. గుడ్డ గ్లౌజులు వద్దే వద్దు, ఒక్క దారం బర్‌కు చిక్కితే వేలు కూడా దాని వెంటే పోతుంది. పలుచటి నైట్రైల్ గ్లౌజులైతే చిరిగిపోతాయి, చేతిని లాగవు. వేళ్లు తిమ్మిరెక్కితే ఆపేయండి. మేలో మన ఎండకు చెమట పట్టి అద్దాలు మసకబారతాయి, కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగిస్తాను. కూలర్ పెట్టుకుంటే రజను ఇల్లంతా లేస్తుంది. ఇంట్లో పిల్లలు వట్టి కాళ్లతో తిరుగుతారు, షెడ్డు చెప్పులు షెడ్డులోనే వదలండి.

ఎమెరీ కాగితంతో రుద్దినప్పుడు వచ్చే మెత్తటి అల్యూమినియం పొడిని ఇనుము రజనుతో కలిపి కుప్ప పోయకండి, నిప్పు పడితే ప్రమాదం. అంటుకుంటే నీళ్లు పోయకూడదు. ఒక బకెట్ పొడి ఇసుక పక్కన ఉంచండి.

[దగ్గరి షాట్: సీటులో పాత వాల్వ్, హెడ్ ముఖానికి మందపాటి టేపు]

వాల్వ్ లాక్‌లు (వాల్వ్ స్ప్రింగును పట్టి ఉంచే చిన్న బిళ్లలు) తీసేటప్పుడు స్ప్రింగ్ కంప్రెసర్ మీద గుడ్డ కప్పండి, అవి బుల్లెట్లలా ఎగురుతాయి. తర్వాత ప్రతి సీటులో, అంటే వాల్వ్ వచ్చి ఆనే రింగులో, ఒక పాత వాల్వ్ పెట్టండి. ఈ సీటు మీద 45 డిగ్రీల సన్నటి అంచు కనిపిస్తుందా? దాన్ని బర్ ఒక్కసారి తాకితే చాలు, వాల్వ్ మూసుకోదు, ఇక లేత్ షాపుకు వెళ్లాల్సిందే. సీటు కింద పని చేసేటప్పుడు వాల్వ్ తీయక తప్పదు. అప్పుడు చిన్న బర్, తక్కువ వేగం, రెండు చేతులూ బల్లకు ఆనించి.

మనకు నిజంగా లాభం దొరికేది కూడా అక్కడే. వేలు పెట్టి చూడండి, సీటు రింగూ అల్యూమినియమూ కలిసేచోట చిన్న మెట్టు తగులుతుంది. ఆ మెట్టును జారుగా కలపండి. దాని కిందే పోర్ట్ మలుపు లోపలి వంపు ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్లు దాన్ని అసలు ముట్టుకోవద్దు. వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ జారే గొట్టం) చుట్టూ, బోల్టు రంధ్రాల పక్కన గోడ పలుచగా ఉంటుంది. లిక్విడ్ కూల్డ్ ఇంజనైతే వెనకే నీళ్ల దారి కూడా ఉంటుంది. తీసిన లోహం తిరిగి రాదు కాబట్టి మొదట తుక్కు దుకాణంలో ఒక పగిలిన హెడ్ తెచ్చుకుని, దాని మీద వారం రోజులు చెయ్యి తిప్పండి.

ఇన్‌టేక్‌ను అద్దంలా మెరిపించకండి. 80 నంబర్ ఎమెరీతో ఆపేయండి, ఆ సన్నటి గరుకు, గోడకు అంటుకున్న పెట్రోలును మళ్లీ గాలిలో కలపడానికి పనికొస్తుంది. ఎగ్జాస్ట్‌ను ఇంకాస్త నునుపు చేయొచ్చు, మసి పట్టడం తగ్గుతుంది.

[షాట్: టబ్బులో సబ్బు నీళ్లు, బ్రష్]

వేడి సబ్బు నీళ్లతో, సన్నటి బ్రష్‌తో ఆయిల్ దారులతో సహా కడగండి. ఒక్కసారి కాదు, తెల్లగుడ్డతో తుడిస్తే మెరుపు అంటనంతవరకు. ఒక్క తునక మిగిలినా అది బోరులో గీత పెడుతుంది.

[దగ్గరి షాట్: కొత్తగా రుద్దిన వాల్వ్, సీటు చుట్టూ బూడిదరంగు పట్టీ]

వాల్వ్‌లను గ్రైండింగ్ పేస్ట్‌తో రుద్ది, తుడిచి, తిరిగి వాటి సీట్లలో కూర్చోబెట్టి స్ప్రింగులు బిగించాను. గ్రైండర్ ప్లగ్ తీసి లోపల పెట్టేశాను, ఇప్పుడు గ్యాస్‌నూనె బయటికి తీయొచ్చు. వాల్వ్‌లు గట్టిగా మూసుకున్నాయా, కారుతున్నాయా అని చూడటానికి పోర్ట్ నిండా పోస్తున్నా. పావుగంట ఆగుదాం.

[షాట్: గడియారం, తర్వాత హెడ్ కింది వైపు, వాల్వ్ అంచు చుట్టూ తిరిగే టార్చి వెలుతురు]

ఇన్‌టేక్ పొడిగా ఉంది. ఎగ్జాస్ట్ అంచున ఇదిగో, సన్నటి తడి. దీన్ని విప్పి మళ్లీ రుద్దుతాను.